తడిసిన లైను

ఈ మధ్య మా మనవరాలు బడి నుంచి ఇంగ్లీషు నిఘంటువు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "తాతా, నువ్వు జీవితమంతా లైను, లైను అన్నావు కదా, దానికి ఎన్ని అర్థాలున్నాయో చూడు" అంది. చూశాను. సగం పేజీ నిండా సన్న అక్షరాలు. గీత అట, వరస అట, తాడు అట, తీగ అట, రైలుపట్టాలట, వంశమట, పద్యంలో పాదమట, ముఖం మీద ముడతట, మనిషి చేసే పని కూడా అదేనట. నేను పడీపడీ నవ్వాను. ఎందుకంటే ఈ అర్థాలన్నీ మా మేస్త్రీకి ముందే తెలుసు. ఆ మహానుభావుడికి ఇంగ్లీషులో వచ్చిన మాట అదొక్కటే. పెట్టుబడి తక్కువ కాబట్టి దాన్నే అన్నింటికీ తిప్పుకుంటూ బతుకు వెళ్లదీశాడు.

తంతి శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మహేంద్రగిరి కింద పులి ఎదురైందా, స్తంభం మీద ఉండగా పిడుగు పడిందా అని అడుగుతారు. నాయనలారా, నాకు పులి ఎదురుకాలేదు. నా ఉద్యోగాన్ని మింగబోయినవి చేపల వలలు. ఆ సంగతే చెబుతాను, వినండి.

అప్పటికి పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. మా ఊళ్లకు రైలు వచ్చి ఎంతో కాలం కాలేదు. పలాస స్టేషను నుంచి ఉద్దానం తోటల గుండా సముద్రం ఒడ్డున ఉన్న రేవు దాకా కొత్తగా తంతి తీగ వేశారు. దాన్ని చూసుకునే లైన్‌మన్‌గా నన్ను వేసుకున్నారు. మాది నందిగాం దగ్గర వ్యవసాయ కుటుంబం. నాగలి వదిలి సర్కారు పనికి వెళ్లిన మొదటివాణ్ణి నేనే. అయితే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నిమ్మాడలో మా మేనమామ తన కూతుర్ని నాకే ఇస్తానని చిన్నప్పటి నుంచీ అంటూ వచ్చాడు. తీరా నేను స్తంభాలెక్కే పనిలో చేరాక ఆయనకు అనుమానం పట్టుకుంది.

"నాగలుంటే నాగలని సెప్పొచ్చు. తీగ మీద ఏటి పండుతాదిరా? ముందు ఆ ఉజ్జోగం కాయమవ్వనీ, అప్పుడు పిల్లనిత్తాను" అన్నాడు.

ఆ పిల్ల తలుపు చాటున నిలబడి వింటోంది. నాకు ఆ క్షణంలో ప్రపంచంలో మరే కోరికా లేదు, ఉద్యోగం ఖాయం కావడం ఒక్కటే కావాలి.

మా మేస్త్రీది మందస. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ తలగుడ్డతో ఉండేవాడు. తీగ లైను, దారి లైను, మేం కాపురం ఉండే కొంపల వరస లైను. కూలీలు తిన్నగా పనిచేస్తే "లైనులో ఉన్నారు" అనేవాడు. ఎవరైనా తాగి వస్తే "ఈడి లైను తెగిపోనాది" అనేవాడు. నా పెళ్లి సంగతి తెలిశాక రోజూ పొద్దున్నే "నిమ్మాడ లైను ఎలగుందిరా?" అని ఆరా తీసేవాడు. చివరికి తనకు కడుపునొప్పి వచ్చినా లోపల లైను బాగోలేదనే చెప్పుకునేవాడు. నేను తెలివైనవాణ్ణని అనుకునే రోజులు కాబట్టి, ఆయన వెనక నవ్వుకునేవాణ్ణి.

మా పైన ఒక ఇన్‌స్పెక్టరు. గోదావరి వైపు మనిషి. నిక్కచ్చిగా ఉండేవాడు, చేతిలో గొడుగు, మాటలో పుస్తకం. ఆయన దృష్టిలో లైను అంటే ఒకటే అర్థం: వంకర లేనిది. స్తంభం మొదట్లో నిలబడి ఒక కన్ను మూసి చూసేవాడు. ఒక్క స్తంభం వేలెడు పక్కకు ఒరిగినా ఆయనకు అన్నం సహించేది కాదు.

లైను వేసిన ఏడాదికి జబ్బు మొదలైంది. పొద్దున పూట రేవు నుంచి కొట్టే తంతి పలాసకు సరిగ్గా అందేది కాదు. టకటకలు నీరసపడి, ముక్కలై, గొణిగినట్టు వచ్చేవి. స్టేషనులో తంతి మాస్టారు నామీద కేకలేసేవాడు. నేను భుజాన తీగచుట్ట, చేతిలో పటకారు పట్టుకొని ఉద్దానం దారిలో పడేవాణ్ణి. దారి పొడవునా కొబ్బరి, పనస. ఏ మట్ట తీగకు తగులుతోందో, ఏ పాదు ఎగబాకిందో చూసుకుంటూ ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వెళితే, సముద్రం చేరేసరికి పొద్దు వాలేది. అక్కడ తీగ శుభ్రంగా ఉండేది. రేవులో తంతి మాస్టారు "ఇప్పుడు బాగానే ఉందయ్యా" అనేవాడు. మర్నాడు పొద్దున మళ్లీ అదే గొణుగుడు.

తీగ పోయే ఒడ్డున, రేవుకు ఇవతల, ఒక జాలారి పేట ఉంది. అక్కడి వాళ్లను ఎన్నిసార్లు అడిగానో. "తీగను ఎవరైనా ముట్టుకుంటున్నారా?" అంటే, "అమ్మో, సర్కారు తీగ, మేమెందుకు ముట్టుకుంతాం బాబూ" అని చెంపలేసుకునేవాళ్లు. వాళ్ల ముఖాల్లో అబద్ధం కనిపించేది కాదు. ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచి, "తప్పు ఎక్కడుందో కనిపెట్టలేనివాడు ఈ పనికి పనికిరాడు" అని మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్నందుకే నాకు భయం వేసింది.

ఒకసారి దారిలో ఒక తోటలో మా దూరపు చుట్టాలు పట్టుబట్టి ఆపేశారు. అక్కడే పడుకొని, తెల్లవారగానే ఒడ్డుకు నడిచాను. ఇసుకదిబ్బ ఎక్కి చూద్దును కదా, నా లైను మీద పెళ్లిపందిరి! ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా తీగ నిండా వలలు. తడి వలలు, నీళ్లు కారుతూ, ఇసుకను తాకుతూ వేలాడుతున్నాయి. గాలికి ఇసుక మేటలు వేసి వేసి ఆ చోట నేల పైకి లేచింది. మామూలుగా నిచ్చెన వేస్తే గానీ అందని తీగ వెదురుకర్రతో అందేటంత కిందికి వచ్చింది. పొద్దున వేట నుంచి వచ్చి పేట వాళ్లు వలలు ఆరేస్తారు, మధ్యాహ్నానికి ఆరిపోతాయి, తీసేస్తారు. నేను పలాస నుంచి ఈడ్చుకుంటూ వచ్చేసరికి ఏముంటుంది, నా తలకాయ.

ఆ పేటలో పెద్దదిక్కు ఒక ముసలమ్మ. వలలు అల్లడంలో, బాగుచేయడంలో ఆమె మాటకు తిరుగులేదు. నన్ను చూసి దాక్కోలేదు సరికదా, నవ్వుతూ ఎదురొచ్చింది.

"ఏటి బాబూ, ఇంత పొద్దున్నే వచ్చినావు? మంచి తీగేసినారు నాయినా. మా వలలకి సరిగ్గా సరిపోనాది."

"మామ్మా! తీగను ముట్టుకోవడం లేదన్నారు కదా!" అని అరిచాను.

"ముట్టుకోనేదు గదా. ఎదురుకర్రతో వల ఏత్తాం, ఎదురుకర్రతో తీత్తాం. తీగని సెయ్యి తగలనిత్తామేటి? సర్కారుది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకటి మాత్రం తెలిసింది. తప్పు దొరికింది, నా ఉద్యోగం దక్కింది. పేట పేరు పైకి చెబితే చాలు. పోలీసులు వస్తారు, మగాళ్లను టెక్కలి కోర్టుకు తీసుకుపోతారు, నేను నిమ్మాడకు పోతాను. వచ్చే దారంతా ఆ లెక్కే వేసుకుంటూ పలాస చేరి మేస్త్రీకి చెప్పాను.

ఆయన సంతోషిస్తాడనుకున్నాను. తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకొని, "రేపు నానూ వత్తాను, పద" అన్నాడు.

మర్నాడు ఒడ్డుకు వెళ్లి ఆయన తీగను చూడలేదు. నేలను చూస్తూ తిరిగాడు. "ఈ తీగ రాక ముందు మీ వలలు ఎక్కడ ఆరేసుకునీవోరు?" అని ముసలమ్మను అడిగాడు.

"ఇక్కడే. ఈ వరసలోనే మా రాటలుండీవి. మా తాతలు పాతినవి. లైనుకి అడ్డమని మీవోళ్లొచ్చి పీకీసినారు. మరెక్కడ ఆరేసుకోమంతావు, నీ నెత్తిమీదా?" అంది ఆమె.

మా కంటే ముందు ఎక్కడి నుంచో వచ్చిన కూలీల ముఠా ఆ స్తంభాలు పాతి వెళ్లిపోయింది. వలలు ఆరేసుకునే రాటలు పీకి, సరిగ్గా ఆ గుంటల వరసలోనే స్తంభాలు నిలబెట్టారు. పేట వాళ్ల దృష్టిలో జరిగింది న్యాయమే. పాత దండెం పోయింది, దాని చోట సర్కారు కొత్త దండెం వేసింది. వలలు కుప్పగా ఉంచితే కుళ్లిపోతాయి. వల కుళ్లితే పేటకు అన్నం లేదు.

మేస్త్రీ ఇసుకలో చతికిలపడ్డాడు. తరువాత నాతో అన్నాడు: "ఒరే, ముందు ఈళ్ల లైను నిలబెడదాం. అప్పుడు మన లైను దానంతటదే నిలబడతాది."

ఆ పూట నేను ఆయన వెనక నవ్వుకోలేదు. పేట పేరు పైకి చెప్పాలన్న ఆలోచన కూడా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

తోటల వాళ్లను బతిమాలి సరుగుడు రాటలు తెచ్చాం. కొబ్బరి పీచు తాళ్లు వాళ్లే ఇచ్చారు. తీగకు దూరంగా, మొగలి పొదల చాటున చోటు చూసి, మా ముఠా, పేట జనం కలిసి పాతడం మొదలుపెట్టాం. రాటలు ఎలా నిలపాలో మాకు చెప్పనివ్వలేదు వాళ్లు. పొట్టిగా కోసి, లోతుగా దించి, వలతాళ్లతో నాలుగు వైపులా లాగి కట్టారు. మేస్త్రీ ముసలమ్మను స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, తెల్లటి పింగాణీ గిన్నెలు చూపించి పాఠం చెప్పాడు.

"తీగలో మాట పరిగెడతాది మామ్మా. తడి తగిలిందనుకో, ఆ మాట బూమిలోకి దిగిపోతాది. అందుకే ఈ గిన్నెలు. తీగ గిన్నె మీద తప్ప మరెక్కడా కూకోకూడదు."

"అయితే పాపం, తడి పడదన్నమాట దానికి" అంది ముసలమ్మ, ఎవరింట్లోనో బాలింతరాలి గురించి విన్నట్టు.

మా కర్మకు సరిగ్గా అదే రోజు ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వచ్చాడు. సర్కారు కూలీలు జాలారులకు దండేలు కడుతుంటే కళ్లారా చూశాడు. గొడుగు మూశాడు.

"ఇది లైను పనా?" అన్నాడు.

"లైను పనేనండి" అన్నాడు మేస్త్రీ, చెమట తుడుచుకుంటూ. జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. వింటూనే వరస స్తంభాలను ఒక కన్ను మూసి చూశాడు. చివరికి, "పేట మీద ఇప్పుడు కేసు పెట్టను. కానీ రేపు గాలివానకు ఈ కర్రలు లేచి తీగను లాగేస్తే జవాబుదారీ మీ ఇద్దరిదీ. అప్పుడు ఈ కుర్రాణ్ణి ఇంటికి పంపిస్తాను. పేట వాళ్లు కోర్టుకు పోతారు" అన్నాడు. నా వైపు తిరిగి, "వానలు వెళ్లేదాకా నీ ఉద్యోగం సంగతి ఎత్తకు" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి తంతి గంటలా పలికింది. పేట వాళ్లు తమ దండేలకు "మా లైను" అని పేరు పెట్టుకున్నారు. మేస్త్రీ పొంగిపోయాడు. తన ఒక్కగానొక్క మాట సముద్రం దాకా వెళ్లిందని ముఠా అందరికీ చెప్పుకున్నాడు. నేను మాత్రం ఆకాశం వైపు చూస్తూ రోజులు గడిపాను. నిమ్మాడ నుంచి కబురు మీద కబురు వచ్చేది: ఖాయమైందా, లేదా?

ఖాయం కాకముందే తుపాను వచ్చింది. ఉద్దానంలో తుపాను అంటే ఏమిటో ఆ తోటల మధ్య పుట్టినవాళ్లకే తెలుస్తుంది. గాలి తగ్గగానే పలాస నుంచి బయలుదేరాం. రేవు లైను చచ్చిపోయింది, ఒక్క టక్కు లేదు. దారిలో కొబ్బరిచెట్లు వేళ్లతో లేచి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక రైతు పడిన చెట్టు మొదట్లో కూర్చుని, దాని మీద చెయ్యి వేసి, పోయిన మనిషి దగ్గర కూర్చున్నట్టు ఏడుస్తున్నాడు. అది చూసి నాకూ కన్నీళ్లాగలేదు. అంత ఏడుపులోనూ నా పాడు మనసు ఆ దండేల గురించే ఆలోచిస్తోంది. ఆ కర్రలు లేచిపోయి ఉంటాయి, తీగను చుట్టుకొని సముద్రంలోకి లాగేసి ఉంటాయి. నా ఉద్యోగం, నిమ్మాడ పిల్ల, పేట మగాళ్లు, అన్నీ ఆ తీగతో పాటే పోయాయనుకున్నాను.

తోటల్లో తెగిన చోట తీగ అతుకుతూ, పడిన స్తంభాలకు బదులు చెట్లకు గిన్నెలు బిగిస్తూ పోయాం. ఒడ్డు చేరేసరికి స్తంభాలన్నీ పడి ఉన్నాయి. వదులు ఇసుకలో పాతిన స్తంభాలు, పడక ఏం చేస్తాయి? కానీ ఇసుక మీద తీగ లేదు. నేను సముద్రం వైపు చూశాను.

మేస్త్రీ నా భుజం పట్టుకొని మొగలి పొదల వైపు తిప్పాడు.

దండేలు నిలబడే ఉన్నాయి. పొట్టివి, లోతుగా దిగినవి, నాలుగు వైపులా తాళ్లున్నవి, ఒక్కటి కూడా కదల్లేదు. ఆ దండేల మీద, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, నా తీగ. పడిన స్తంభాల నుంచి పింగాణీ గిన్నెలు ఊడదీసి, ఒక్కో రాటకు ఒక్కోటి వలదారంతో కట్టి, వాటి మీద తీగను కూర్చోబెట్టారు. రేవు వైపు దండేలు అందనిచోట రెండు తెప్పల కర్రలు తెచ్చి నిలబెట్టారు. ముసలమ్మ చేతిలో కర్ర పట్టుకొని, తీగ దగ్గరికి రాకుండా మేకల్ని తోలుతోంది. పేట ఇళ్ల కప్పులు సగం లేచిపోయాయి. తడి వలలు ఒక పక్క కుప్పగా పడి ఉన్నాయి. దండేల మీద వాటికి చోటు లేదు, అక్కడ మా తీగ ఉంది.

"మామ్మా, ఇదేం పని? ముందు మీ వలలు ఆరేసుకోవాలి కదా!" అన్నాను.

"వల రెండు దినాలు ఓర్సుకుంటాది. మీ తీగకి తడి పడదన్నారు గదా. ఉప్పునీళ్లలో పడి నానిపోతంటే సూత్తా ఊరుకోమంతావేటి? అందుకే ఆరేసినాం" అంది.

తీగను ఆరేశారు! తడిసిన వలను ఆరేసినట్టు, తడిసిన లైనును ఆరేశారు. లోపలి మాట ఎండి మళ్లీ పరిగెడుతుందని. మేస్త్రీ నవ్వడం మొదలుపెట్టాడు, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకున్నాడు.

ఒక్క పొరపాటు మాత్రం చేశారు. గిన్నె బోర్లించడం ఇంటికి మంచిది కాదని అన్నింటినీ మూతి పైకి పెట్టి కట్టారు. ఒక్కోదాంట్లో వాననీళ్లు నిండుగా ఉన్నాయి. మేమిద్దరం ఒక్కో రాట దగ్గరికీ వెళ్లి నీళ్లు పారబోసి, గిన్నె బోర్లించి కట్టుకుంటూ పోయాం. ముసలమ్మ వెనకాలే వస్తూ, "మీ సర్కారోళ్లకి సుబం అసుబం నేదు" అని సణుగుతూనే ఉంది.

రేవు ఆఫీసులో తంతి మాస్టారు మీట మీద చెయ్యి వేశాడు. కాసేపు ఏమీ లేదు. తరువాత పలాస నుంచి జవాబు వచ్చింది, నీరసంగానే, కానీ ఒక్క ముక్క పోకుండా. అటువంటి తియ్యటి చప్పుడు నేను జన్మలో వినలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మొగలి పొదల పక్కన నిలబడి, అలవాటుగా ఒక కన్ను మూసి దండేల వరస చూశాడు. దాని వంకరలు ఏం చెప్పను, పాము పోయినట్టుంది.

"తిన్నగా లేదు" అన్నాడు.

"లేదండి. గానీ పలుకుతంది" అన్నాడు మేస్త్రీ.

ఇన్‌స్పెక్టరు రెండో కన్ను కూడా తెరిచాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. కొత్త స్తంభాలు వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచమన్నాడు. వలలకు వేరే దండేలు కట్టించమని, ఈసారి తనే పురమాయించాడు. పోతూ పోతూ నాతో, "నీ ఉద్యోగం ఖాయం చేయమని పైకి చెబుతాను, పో" అన్నాడు.

చెప్పాడు. ఖాయమైంది. అయినా మా నిమ్మాడ మావ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. అల్లుడి ఉద్యోగం కళ్లతో చూస్తే గానీ ముహూర్తం పెట్టనన్నాడు. ఇంకా కొత్త స్తంభాలు రాలేదు. ఏం చేస్తాను, ఆ ఒడ్డుకే తీసుకెళ్లాను. ఒక పక్క కొత్త దండేల మీద వలలు, ఇంకో పక్క పాత దండేల మీద నా తీగ. మావ రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"ఇదేనేటిరా నీ సర్కారు ఉజ్జోగం? దండేల మీద తీగ ఆరబెట్టుకోడమా?" అన్నాడు.

వల బాగుచేసుకుంటున్న ముసలమ్మ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది:

"ఆరిపోనాది బాబూ. ఇంక పిల్లనిచ్చీ."

మావ ఆమె వైపు చూశాడు, తీగ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఇచ్చాడు.